పటం మీద బాణం గుర్తు

1

జనగామలో నేను ఏడో తరగతి చదివేటప్పుడు మా క్లాసు గోడకు ఒక పటం వేలాడుతుండేది. పైన ఢిల్లీ. అక్కణ్నుంచి ఒక లావుపాటి ఎర్ర బాణం దేవగిరి మీదుగా దిగొచ్చి ఓరుగల్లు దగ్గర మొన తేలి వుండేది. పక్కనే ‘మాలిక్ కాఫర్ దండయాత్ర’ అని రాసి వుండేది. సారు ఆ బాణం వెంబడి బెత్తం జరుపుకుంటూ వచ్చి ఓరుగల్లు మీద ఠప్పున కొట్టేవాడు. ఆ చప్పుడుకు క్లాసు క్లాసంతా తల తిప్పి నన్నూ, నా పక్కన కూచున్న ఇంకో పిల్లవాణ్నీ చూసేది. మేమిద్దరం చేసిన నేరం మా పేర్లే.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అబ్బాను అడిగాను. ‘‘అబ్బా, మనం ఢిల్లీ నుంచి వచ్చినమా?’’

అబ్బా కుట్టుమిషన్ తొక్కుడు ఆపలేదు. ‘‘మీ దాదా ఆలేరు దాటి ఎర్గడు బేటా. ఢిల్లీ ఎవడు సూసిండు?’’ అన్నాడు.

అబ్బా చెప్పిన మాటకూ గోడ మీది పటానికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా కుదరలేదు. ఎందుకు కుదరలేదో వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

మన దగ్గర విమర్శ అంటే కవిత్వం మీద, కథ మీద, నవల మీద. పటాన్ని ఎవరూ విమర్శకు పెట్టరు. అది శాస్త్రమనీ, కొలతలతో గీసిందనీ, అబద్ధమాడదనీ నమ్మకం. కానీ పటం కూడా ఒక రచనే. దాన్ని గీసినవాడు ఒకడుంటాడు. డబ్బులిచ్చి గీయించినవాడు ఇంకొకడుంటాడు. ఏది చూపాలి, ఏది వదిలెయ్యాలి, దేనికి ఏ రంగు వెయ్యాలి అన్నది వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. 1154లో సిసిలీ రాజు రోజర్ కోసం అల్ ఇద్రీసీ తయారుచేసిన ప్రపంచ పటంలో దక్షిణం పైనుంటుంది, ఉత్తరం కిందుంటుంది. ఇవాళ మన కళ్లకు అది తలకిందులుగా కనిపిస్తుంది. ఆనాటి పాఠకుడికి అదే సరైన పటం.

కాబట్టి కథను అడిగినట్టే పటాన్నీ అడగాలి. నువ్వు ఎవరి వైపు నుంచి మాట్లాడుతున్నావు? ఎవరి గురించి మౌనంగా వున్నావు?

2

ముందు ఆ బాణాన్నే అడుగుదాం. 1309లో బయలుదేరి 1310లో ఓరుగల్లును లొంగదీసిన మాలిక్ కాఫర్ ఎవరు? 1299లో అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం గుజరాత్ మీద పడ్డప్పుడు ఖంభాత్ రేవులో చేజిక్కిన బానిస. పుట్టుకతో ముస్లిం కూడా కాదు. దోపిడీలో దొరికిన సొత్తుగా ఢిల్లీ చేరి, సేనాని అయి, ప్రతాపరుద్రుడి దగ్గర ఏనుగులూ గుర్రాలూ సొమ్మూ కప్పంగా పట్టుకుపోయాడు. ఆ బాణం మొదలెక్కడో పటం చెప్పదు. గుజరాత్ నుంచి ఢిల్లీకి ఈడ్చుకుపోయిన ఒక పిల్లవాడి బానిసత్వం అందులో కనిపించదు. ‘ముస్లింలు పైనుంచి వచ్చి పడ్డారు’ అన్న ఒక్క వాక్యమే మిగులుతుంది.

దాడి జరగలేదని నేనడం లేదు. 1323లో ఉలుఘ్ ఖాన్ చేతిలో కోట కూలింది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఆ కూల్చివేతలో చచ్చిన జనం మా జనం కూడా. కూలిన తోరణాల మధ్య ఆడుకున్న వూళ్లోవాళ్లుగా ఆ దుఃఖంలో మాకూ వాటా వుంది. మేం అడిగేది ఒక్కటే, మిగతా దారులు ఎందుకు గీయలేదని.

ఓరుగల్లు నుంచి ఢిల్లీకి పోయే బాణం ఏ పటంలోనైనా చూశారా? కాకతీయుల కొలువులో వున్న ఒక తెలుగువాడు కోట పడిపోయాక బందీగా ఢిల్లీ చేరి, ఇస్లాం పుచ్చుకుని, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్ ఎ జహాన్ బిరుదుతో ఢిల్లీ సల్తనత్‌కు వజీరయ్యాడు. సుల్తాన్ దండయాత్రలకు పోతే రాజధానిని చూసుకున్నది ఈ తిలంగాణీ. అతని సమాధి ఇవాళ్టికీ ఢిల్లీ నిజాముద్దీన్‌లో వుంది. ఢిల్లీలో ఎనిమిది పలకల సమాధులకు అదే మొదటిదంటారు. పైనుంచి కిందికి దిగిన బాణానికి అంత లావు ఇచ్చినవాళ్లు కింది నుంచి పైకి పోయిన ఈ బాణానికి సన్నని గీత కూడా ఇవ్వలేదు.

అంతకన్నా ముందరి దారి ఇంకొకటుంది. 1244-45లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానుకు పడవ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు మొత్తం లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదనీ, నిర్ణయించిన సుంకమే తీసుకుంటామనీ పరదేశి వర్తకులకు ఆయన మాటిచ్చాడు. ఆ కాలంలో దక్షిణాది రాజుల సైన్యాలకు గుర్రాలు సముద్రం మీదుగా అరబ్బు, పారశీక రేవుల నుంచి రావలసిందే. అంటే ఢిల్లీ సైన్యం రాకకు అరవై ఏళ్ల ముందే తెలుగు రాజు తన రేవు తలుపు తెరిచి, రమ్మని రాతి మీద చెక్కించాడు. ఆ దారిని పటంలో చుక్కల గీతగా, అదీ వేరే పాఠంలో, ‘వర్తక వాణిజ్యాలు’ అనే తలకింద చూపిస్తారు. దండయాత్ర పాఠం నోటికొస్తుంది. వాణిజ్యం పాఠం పరీక్షలో రాదని వదిలేస్తారు.

బాణం సంగతి ఇక్కడితో అయిపోలేదు. 1948 సెప్టెంబర్ 13న మొదలైన ‘పోలీసు చర్య’ పటాలు చూడండి. షోలాపూర్ నుంచి ఒక బాణం, బెజవాడ నుంచి ఒక బాణం హైదరాబాదు మీదికి. గుర్తు అదే. కానీ ఇక్కడ పక్కన రాసే మాట ‘విమోచన’. ఆ అయిదు రోజుల్లోనూ, ఆ తర్వాతి వారాల్లోనూ బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్, నాందేడ్ ప్రాంతాల ముస్లింలకు ఏం జరిగిందో కేంద్రమే పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ చూసి రాసింది. చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా వుంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాల తరబడి బయట పడనివ్వలేదు. 2013లో గానీ ఢిల్లీ నెహ్రూ మ్యూజియంలో జనం చూసే వీలు కలగలేదు. ఆ చావుల పటం ఏ అట్లాసులోనూ లేదు.

3

బాణం రాజులది. రంగు మాత్రం తెల్లదొరలు వేసింది. 1909లో ఇంపీరియల్ గెజిటీర్‌తో పాటు వేసిన అట్లాసులో బ్రిటిష్ ఇండియా అంతా గులాబీ రంగు, సంస్థానాలన్నీ పసుపు రంగు. మధ్యలో పెద్ద పసుపు ముద్దగా హైదరాబాదు, 82 వేల చదరపు మైళ్ల పైచిలుకు. ఇదే అట్లాసులో ‘ఏ ప్రాంతంలో ఏ మతం ఎక్కువ’ అని ఇంకో పటం వుంది. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవమని నా మనవి.

మొదటి పేజీలో ఈ రాజ్యమంతా నిజాందే. అంటే చూసేవాడి లెక్కలో ముస్లింలదే. రెండో పేజీలో ఎక్కువమంది ఏ మతమో ఆ రంగే నేలంతా పరుచుకుంటుంది. జనగామలో కుట్టుమిషన్ తొక్కే మనిషి, మానుకోట స్టేషన్‌లో మూటలు మోసే మనిషి ఆ రంగు కింద కనిపించకుండా పోతారు. ఒక పేజీలో రాజ్యమంతా మాది. ఇంకో పేజీలో మేమే లేము. ఈ దేశంలో ముస్లిం గురించి నడిచే మాటలన్నీ ఇవాళ్టికీ ఈ రెండు పేజీల మధ్యే తిరుగుతున్నాయి. ‘ఇన్నేళ్లు ఏలారు కదా’ అన్నది మొదటి పేజీ. ‘మీరెంతమంది, మీదేం లెక్క’ అన్నది రెండో పేజీ. రంగు వేసినవాడు లండన్ పోయి చాలాకాలమైంది. రంగు మాత్రం మన కళ్లకు అంటుకునే వుంది.

అసలు నిజాం రాజ్యం పటం నిజాం గీసుకున్నది కూడా కాదు. లాంబ్టన్ కింద పనిచెయ్యడానికి జార్జ్ ఎవరెస్టు 1818లో హైదరాబాదు వచ్చాడు. మరుసటేడు కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో గుట్ట గుట్టకూ జెండా పాతి త్రిభుజాలు కొలిచాడు. వానాకాలం జ్వరం ఆయన్నూ, కూడా వున్న కూలీల్నీ పట్టుకుంది. ఎవరెస్టు గాలి మార్పు కోసం ఆఫ్రికా కొసకు పోయి కోలుకున్నాడు. తర్వాత ఆయన పేరు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండకు పెట్టారు. గొలుసులు మోసినవాళ్ల పేర్లు, ఆ అడవిలో చచ్చిపోయినవాళ్ల పేర్లు గుట్టకు కాదు, గుంతకు కూడా పెట్టలేదు.

4

ఈ పటాలు కాయితం మీద వుండిపోతే గొడవే లేదు. అవి నేల మీదికి ఎట్లా దిగాయో తెలుసుకోవాలంటే భూపాలపల్లి పోవాలి. అక్కణ్నుంచి మహదేవపూర్ అడవి దాటి కాళేశ్వరం ఒడ్డున నిలబడాలి. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఆ ఒడ్డున కనిపించేది సిరొంచ. అక్కడి వాళ్లు మాట్లాడేది తెలుగే. ఇచ్చిపుచ్చుకునే పెళ్లిళ్లు ఇటువైపే. కానీ అది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. ఎందుకయింది?

1860లో నిజాముకూ బ్రిటిష్ వాళ్లకూ ఒక ఒప్పందం జరిగింది. 1857 తిరుగుబాటులో తమ పక్షాన నిలిచినందుకు రాయచూరు దోఆబునూ, ధారాశివ్‌నూ నిజాముకు తిరిగిచ్చారు. షోరాపూరును కలిపారు. యాభై లక్షల బాకీ కొట్టేశారు. బదులుగా గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు తీసుకున్నారు. గోదావరి మీద పోయే సరుకు పైన సుంకం వుండకూడదని రాయించుకున్నారు. సిరొంచ ముఖ్యస్థానంగా ‘ఎగువ గోదావరి జిల్లా’ పుట్టింది. ఒకే కాయితం మీద ఒకే నది సరిహద్దూ అయ్యింది, వర్తక మార్గమూ అయ్యింది. అటూ ఇటూ వున్న మనుషులకు సరిహద్దు. పైనుంచి పోయే పత్తి మూటలకు మార్గం.

పత్తి సంగతి ఏమిటంటే, లంకాషైర్ మిల్లులకు పత్తి కావాలి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి రాక ఆగిపోయింది. వార్ధా, బేరార్ వైపు పండే పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో కాకినాడ రేవుకు దింపాలన్నది ఆర్థర్ కాటన్ పట్టుబట్టిన ఆలోచన. నదిలో రాతిబండల అడ్డంకులు మూడు చోట్ల వున్నాయి. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి. ఆ బండల్ని తప్పించే కాలువలకూ లాకులకూ ఏళ్ల తరబడి కూలీలను దింపారు. ఈలోగా అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. పత్తి అటు పోయింది. 1870ల మొదట్లో పని ఆపేశారు. వర్తక మార్గం ఆగిపోయింది, సరిహద్దు మాత్రం ఆగలేదు. భద్రాచలం, రేకపల్లి 1874లో మద్రాసు వైపు పోయాయి. నూగూరు, చర్ల, ఆల్బాక 1909లో పోయాయి. సిరొంచ మధ్యపరగణాల్లో వుండిపోయి, 1960లో మహారాష్ట్ర అయ్యింది. లంకాషైర్ అవసరానికి గీసిన గీత లంకాషైర్ అవసరం తీరాక కూడా మన మధ్య గోడలా నిలబడింది.

ఇక్కడ నిజామును నేను వెనకేసుకు రావడం లేదు. ఎడమ ఒడ్డు జనాన్ని బాకీ కింద జమ కట్టి ఇచ్చేసిన సంతకం నిజాముదే. ఆ ఒడ్డున గోండులున్నారు, తెలుగు రైతులున్నారు, ముస్లింలున్నారు. ఏ ఒక్కర్నీ అడగలేదు. ఆనాడు ఇంచంపల్లి. మొన్న అదే నది మీద, అదే మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ. 2019 జూన్‌లో ప్రారంభించిన బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబర్‌లో కుంగాయి. నీళ్లు నిలిస్తే పొలాలు మునుగుతున్నాయని మొత్తుకున్నది సిరొంచ వైపు రైతులు. వాళ్ల గోస మన పత్రికల్లో రావలసినంత రాలేదు. గీత అవతలి వాళ్లు కదా!

5

గోదావరి వదిలేసి రైలు దారి పట్టుకుందాం. సికింద్రాబాదు నుంచి జనగామ మీదుగా కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, బెజవాడ. మా జిందగీలన్నీ ఈ పట్టాల వెంబడే పరుచుకున్నాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదు దాకా వచ్చిన రైలును 1886లో వరంగల్‌కూ, 1889లో బెజవాడకూ పొడిగించారు. కట్టింది లండన్‌లో పెట్టిన కంపెనీ. నష్టమొచ్చినా వాటాదారుల వడ్డీకి పూచీ హైదరాబాదు ఖజానాది. అంటే జనగామ రైతు కట్టిన శిస్తు.

ఈ రైలుకు ముందు ఈ దారుల్లో సరుకు మోసింది ఎవరు? ఇవాళ మానుకోట చుట్టూ తండాల్లో వున్న లంబాడాలు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి నాడుకు వాళ్లు తిప్పిన దారులు ఏ సర్వేయరూ పూర్తిగా పటం కట్టలేదు. మొగలు సైన్యమైనా, తెల్లదొరల సైన్యమైనా తిండి కోసం ఎదురుచూసింది బంజారాల బిడారు కోసమే. పట్టాలు పడ్డాక ఆ బతుకుదారి మూసుకుపోయింది. బ్రిటిష్ పాలనలో 1871 నేరస్థ తెగల చట్టం వచ్చాక, పలు ప్రాంతాల్లో బంజారాలను కూడా ఆ జాబితాలో ఎక్కించారు. నిన్నటిదాకా అన్నం మోసినవాడు ఇవాళ దొంగ అయ్యాడు. ఒక కులాన్నో మతాన్నో మొత్తంగా అనుమానించడం ఎట్లాగో రాజ్యం ముందు వాళ్ల మీద నేర్చుకుంది. ఆ చూపు ఎట్లా వుంటుందో మాకు వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ రైలు కథలోనే మనవాళ్లు మరిచిపోయిన పేరొకటుంది. 1883లో లైనును వరంగల్‌కూ, చాందా వైపుకూ పొడిగించే ఒప్పందం చాటుమాటుగా సాగుతుంటే, షరతులు జనానికి చెప్పండని హైదరాబాదులో కొందరు నిలదీశారు. వాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడు తండ్రి. ఆయనతో నిలబడ్డది ముల్లా అబ్దుల్ ఖయ్యూం. అఘోరనాథ్‌ను ఉద్యోగం తీసేసి రాజ్యం వెళ్లగొట్టారు. తెలంగాణ నేల మీద వలస పెట్టుబడి గీసిన వర్తక మార్గాన్ని జనం పక్షాన మొదట ప్రశ్నించినవాళ్లలో ఒక బెంగాలీ హిందువూ, ఒక హైదరాబాదీ ముస్లిమూ వున్నారు. అదే ఒప్పందాల్లో చేతులు తడుపుకున్నది ఎవరు? నిజాం కొలువులో పెద్ద అధికారి సర్దార్ అబ్దుల్ హక్. గనుల హక్కులు లండన్‌లో అమ్మిన వ్యవహారంలో ఆయన చేతివాటం 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ దాకా ఎక్కింది. డాక్టర్ విలియం కింగ్ 1871లో యెల్లందు దగ్గర బొగ్గు జాడ తీశాడు. ఆ బొగ్గు దారి ఇవాళ భూపాలపల్లి దాకా వచ్చింది. నేల కింద ఏముందో చెప్పే పటానికి కంపెనీలు డబ్బులు పెట్టాయి. నేల మీద ఎవరున్నారో చూపించే పటం కావాలని ఎవరూ అడగలేదు.

అబ్దుల్ హక్ ముస్లిమే, అబ్దుల్ ఖయ్యూం ముస్లిమే. పసుపు రంగు ఇద్దర్నీ కలిపి ఒకటే ముద్ద చేసింది. మా విమర్శ ఆ ముద్ద మీద.

6

ఇప్పుడు అభ్యుదయ మిత్రులతో ఒక మాట.

మీరు రాసిన తెలంగాణ పోరాట సాహిత్యంలో పటం ఎట్లా వుంది? ఒక పక్క ‘నిజాం నిరంకుశత్వం’. రెండో పక్క ‘తెలుగు ప్రజ’. నిజాము పేరు ప్రతి పేజీలో వుంటుంది. గడీలో కూచుని వెట్టి చేయించిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు రావలసినన్ని సార్లు వచ్చినా, ఆయన ఒక మతానికి ప్రతినిధి కాడు. సరిగ్గానే కాడు. మరి నిజాము మాత్రం ఎందుకయ్యాడు?

జనగామ నుంచి సూర్యాపేట దారిలో కామారెడ్డిగూడెం దగ్గర షేక్ బందగీ సమాధి వుంది. తన నేల కోసం ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడి గెలిచిన రైతు. ఆ గెలుపును ఓర్వలేని దేశ్‌ముఖ్ గూండాలు 1940ల తొలినాళ్లలో దారి కాచి చంపారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి ఏళ్ల ముందే ఆ తాలూకాలో పడ్డ నెత్తురది. బందగీ కథలోంచే ‘మా భూమి’ నాటకం పుట్టింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ఆ నాటకాన్ని వూరూరా ఆడారు. బాగుంది. కానీ బందగీ మీ కథనంలో ఐక్యతకు సాక్ష్యంగా వచ్చి, సాక్ష్యం చెప్పి, వెళ్లిపోతాడు. 1948 తర్వాత బందగీ లాంటి ముస్లిం రైతులేమయ్యారు? ఎన్ని కుటుంబాలు పట్టా వదిలి పట్నం పారిపోయాయి? ఆ పేజీ మీ సాహిత్యంలో ఖాళీగా ఎందుకుంది?

మానుకోట దగ్గరికి రండి. షోయబుల్లా ఖాన్ పుట్టింది ఆ తాలూకాలోనే, 1920లో. హైదరాబాదు భారతదేశంలో కలవాలని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి రజాకార్లు కాల్చి, రాసిన చేతిని నరికారు. ఆ తర్వాత వారం తిరక్కుండానే, ఆగస్టు 27న జనగామ పక్కన బైరాన్‌పల్లిలో రజాకార్లు వూరి జనాన్ని నిలబెట్టి కాల్చారు. ఈ రెండు హత్యలు చేసింది ఒకే ముఠా. ఒక చోట చచ్చింది హిందువులు, ఒక చోట చచ్చింది ముస్లిం. కానీ బైరాన్‌పల్లి చెప్పేటప్పుడు రజాకారు ముస్లిం అవుతాడు. షోయబుల్లా గురించి చెప్పేటప్పుడు షోయబుల్లా ‘మంచి ముస్లిం’ అవుతాడు. మంచి అని ముందర తగిలిస్తే తప్ప మాకు చోటు లేదా?

7

మనవాళ్లనూ వదలకూడదు.

ఆ పసుపు రంగును మనవాళ్లు కొందరు మురిసిపోయి ముఖానికి పూసుకున్నారు. మజ్లిస్ ఆనాడు ఇచ్చిన నినాదం ‘అనల్ మలిక్’, నేనే రాజును. టాంగా తోలేవాడూ, బీడీలు చుట్టేదీ, దర్జీ, ఫకీరు అందరూ రాజులే! ఆ రాజరికంలో వాళ్లకు దక్కింది సెంటు నేల కాదు, ఒక రంగు మాత్రమే. జాగీర్లు నవాబులకు, సంస్థానాలు దొరలకు, వెట్టి అన్ని మతాల పేదలకు. సెప్టెంబర్ 1948 తర్వాత కూడా నిజాము, 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యి కోటలోనే వున్నాడు. రాజు అనిపించుకున్న పేదవాడు మాత్రం పొలం గట్ల మీద పరుగెత్తాడు. ఇవాళ్టికీ ఒక పాత హైదరాబాదు పటాన్ని చట్రం కట్టి గోడకు తగిలించి నిట్టూర్చే మన మధ్యతరగతి ముస్లిం ఇళ్లున్నాయి. ఆ పటంలో మీ తాత ఇల్లెక్కడుందో చూపించండి భాయ్ అని అడగాలనిపిస్తుంది.

పేర్ల తగువు కూడా ఇదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరున మానుకోట మహబూబాబాద్ అయ్యింది. ఆ రాజు పేరును కాపాడే పూచీ మాకెవరూ అప్పజెప్పలేదు. మా ఇళ్లల్లోనూ, ఉర్దూ మాట్లాడేటప్పుడు కూడా, అది మానుకోటే. 2010 మే 28న తెలంగాణ కోసం స్టేషన్ దగ్గర రాళ్లు లేచినప్పుడు లోకమంతా విన్నది కూడా ‘మానుకోట రాళ్లు’ అనే. కానీ రాజు పేరు గనక తీసెయ్యాలనడం వేరు, ముస్లిం పేరు గనక తీసెయ్యాలనడం వేరు. మొదటిది ప్రజాస్వామ్యం. రెండోది మళ్లీ ఆ బాణమే, మొన ఇటు తిరిగిన బాణం.

పేర్లు తీసెయ్యడం మొదలుపెడితే ఎక్కడ ఆపుతారు? తెలంగాణలో వూరి పటాన్ని నక్ష అంటారు. జిల్లా, తాలూకా, శివారు, పట్టా, ఖాతా, సర్కారు. చివరికి రైతు. అరబ్బీ ‘రఅయ్యత్’ నుంచి వచ్చిన మాట. రైతు అనకుండా ఒక్క అభ్యుదయ కవిత రాయండి చూద్దాం. మమ్మల్ని అవతల నిలబెట్టడానికి వాడే ‘సరిహద్దు’ కూడా సర్‌హద్దే. మా మాట లేకుండా మమ్మల్ని వెళ్లగొట్టే గీతకు పేరు కూడా లేదు.

8

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోనూ, ‘జల్జలా’ సంకలనం 1998లోనూ వచ్చాయి. చరిత్ర మా మీద వేసిన నిందకు తెలుగులో జవాబు మొదలైంది అక్కడే. ‘మేం ఇక్కడివాళ్లమే’ అని ఆ కవిత్వం గొంతెత్తి చెప్పింది. ఇప్పుడు చెయ్యవలసిన పని ఇంకొకటుందని నాకనిపిస్తుంది. ఇక్కడ అంటే ఎక్కడో వీధి వీధీ రాయాలి. ఆవేదనకు చిరునామా వుండాలి. మన విమర్శ మన కవిత్వాన్ని కూడా ఈ ప్రశ్న అడగాలి. ఇందులో వతన్ వుంది సరే, వూరు వుందా?

ఎందుకంటే జనం దగ్గర వేరే నక్ష ఒకటి ఇప్పటికే వుంది. మానుకోట చుట్టుపక్కల వూళ్లల్లో పేర్లు వినండి. యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి. వీళ్లెవరూ ముస్లింలు కారు. పర్వతగిరి దగ్గర అన్నారం షరీఫ్ దర్గాలో యాకూబ్ షావలికి మొక్కితే పుట్టిన పిల్లలు. ఏ వూళ్లో ఎందరు యాకయ్యలున్నారో గుర్తుపెట్టుకుంటూ పోతే ఆ దర్గా దారులన్నీ పటం మీద తేలతాయి. ఆ పటానికి రంగు ఏం వేస్తారు? పీరీల పండుగ నాడు పీరీ ఎత్తుకున్నవాళ్లలో మాకన్నా బహుజనులే ఎక్కువ. అది ఏ గడప ముందు ఆగుతుందో, ఎవరు బిందెడు నీళ్లు పోస్తారో, ఎవరు వూదు వేస్తారో వూరందరికీ తెలుసు. ఆ దారిని ఎవరూ సర్వే చెయ్యలేదు. అయినా ఏటా తప్పిపోకుండా పీరీ అలావ దగ్గరికి చేరుతూనే వుంది.

పటాలు మారవని ఎవరూ చెప్పకండి. 2016 అక్టోబర్ 11న ఒక్క రోజులో వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలయ్యాయి. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. మొదటి జాబితాలో లేని జనగామను జనం రోడ్డెక్కి, బందులు చేసి, కేసులు మోసి పటంలో పెట్టించుకున్నారు. ఆ ధర్నాల్లో మా గల్లీ పిల్లలూ కూచున్నారు. అప్పుడు ఎవరూ వాళ్లను ఢిల్లీ నుంచి వచ్చారా అని అడగలేదు. జిల్లా కోసం పటాన్ని మార్పించగలిగిన జనం, మనిషి కోసం మార్పించలేరా?

అందుకే నేను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. ఆ గోడ మీది బాణాన్ని చెరిపెయ్యమనడం లేదు. వుండనివ్వండి. దాని పక్కన ఓరుగల్లు నుంచి ఢిల్లీకి మక్బూల్ పోయిన గీత కూడా గియ్యండి. మోటుపల్లి రేవు నుంచి లోపలికి గుర్రాలొచ్చిన గీత గియ్యండి. ఉప్పు మోసిన బంజారాల దారి గియ్యండి. కామారెడ్డిగూడెం దగ్గర బందగీ కోసం ఒక చుక్క పెట్టండి. మానుకోట దగ్గర షోయబుల్లా కోసం ఒక చుక్క. బైరాన్‌పల్లిలో ఒక చుక్క. వీలైతే జనగామలో కూడా ఒక చిన్న చుక్క. అక్కడ ఆలేరు దాటి ఎరుగని మా దాదా వున్నాడు.

అప్పుడు సారు బెత్తం ఎక్కడ కొట్టినా, క్లాసులో ఒక్క పిల్లవాడి వైపే తలలు తిరగవు.